బ్యాంకు బాకీ ఉన్న ఇల్లు, సంతకానికి రాని యజమాని

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే చిక్కు. ఇల్లు నచ్చింది, ధర కుదిరింది, కానీ ఆ ఇంటి మీద బ్యాంకు లోను మొండిబాకీ అయి కూర్చుంది. అమ్మే మనిషి ముందుకూ రాడు, వెనక్కీ పోడు. ఉత్తరాలను కుదించి, ఊరి పేరు మాత్రం ఉంచి, జవాబులిస్తున్నాం.

ప్రశ్న (నల్లగొండ): 150 గజాల జాగల కట్టిన ఇల్లు 46 లక్షలకు మాట్లాడుకున్నం. 3 లక్షలు బయానా ఇచ్చి స్టాంపు కాగితం మీద రాసుకున్నం. ఇంటి మీద 29 లక్షల 40 వేల లోను ఉందని, బ్యాంకోళ్లు నోటీసు కూడా ఇచ్చిన్రని తర్వాత తెలిసింది. బ్యాంకుకు పోదాం రమ్మంటే ఓనరు రేపు మాపు అంటున్నడు. ఇప్పుడైతే ఫోను కూడా ఎత్తుతలేడు. మా బయానా ఏమైతది? ఇల్లు మాకు దక్కుతదా?

జవాబు: అన్నిటికంటే ముందు ఆ నోటీసు ఏదో, దాని మీది తేదీ ఏదో తెలుసుకోండి. కిస్తీ 90 రోజులు దాటి నిలిచిపోతే బ్యాంకు ఆ ఖాతాను మొండిబాకీగా రాస్తుంది. ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని బ్యాంకే అమ్మి బాకీ రాబట్టుకునే చట్టం) 13(2) సెక్షన్ కింద, 60 రోజుల్లో మొత్తం బాకీ కట్టమని నోటీసు ఇస్తుంది. నోటీసు అందిన నాటి నుంచి బ్యాంకు రాతపూర్వక సమ్మతి లేకుండా ఆ ఇంటిని అమ్మడానికి, లీజుకివ్వడానికి వీల్లేదని 13(13) చెబుతోంది. మీ కాగితం నోటీసుకు ముందుదైతే మీకు కొంత బలం ఉంది. తర్వాతిదైతే ఆ కాగితం చూపించి బ్యాంకుతో వాదించలేరు, సమ్మతి తెచ్చుకోవడం ఒక్కటే దారి.

ఇంకో తేదీ ఇంతకంటే ముఖ్యం. 60 రోజులు గడిచాక బ్యాంకు ఇంటికి స్వాధీన నోటీసు అంటిస్తుంది, తర్వాత వేలం ప్రకటన వేస్తుంది. 2016 సవరణ తర్వాత, బాకీ మొత్తం కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు యజమానికి వేలం ప్రకటన వెలువడే వరకే ఉంటుంది. 2023లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. వేలం ఇంకా నెల రోజులుంది కదా అని కూర్చున్నవాళ్లు ఇక్కడే దెబ్బ తింటున్నారు. మీకు గడువు వేలం రోజు దాకా లేదు, ప్రకటన పేపర్లో పడే రోజు దాకానే ఉంది.

ఇక మనిషి ఎందుకు రావడం లేదన్నది. మొండితనం అనుకుని తగవుకు దిగితే పని చెడుతుంది. ఇలాంటి యజమానుల వెనుక సాధారణంగా మూడు నాలుగు కారణాలే ఉంటాయి. మేనేజరు ముందు నిలబడడానికి నామోషీ. ఇల్లు భార్య పేరు మీద ఉండి, నోటీసు సంగతి ఆమెకు చెప్పకపోవడం. చిట్టీలకో ప్రైవేటు ఫైనాన్సుకో ఇదే ఇంటి మీద ఇంకో కాగితం రాసిచ్చి ఉండడం. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, ‘అంతా బ్యాంకే తీసుకుంటది, నాకేం మిగులుతది’ అన్న నిరాశ. కారణం ఏదో తెలియకుండా పెద్దమనుషులను వెంటేసుకుని ఇంటికి వెళ్లొద్దు. నలుగురిలో పరువు పోయిందనుకున్న మనిషి ఆ తర్వాత ఎవరు పిలిచినా రాడు.

నిరాశే కారణమైతే ఒక తెల్లకాగితం మీద లెక్క వేసి ఆయన ముందు పెట్టండి. ధర 46 లక్షలు. బ్యాంకుకు 29,40,000. ముట్టిన బయానా 3 లక్షలు. ఆయన చేతికి రావలసింది ఇంకా 13,60,000. వడ్డీ 10 శాతమే అనుకున్నా బాకీ నెలకు సుమారు 24,500 పెరుగుతుంది, అదంతా ఆ 13,60,000 లోంచే తరుగుతుంది. వేలం దాకా పోతే ప్రకటన ఖర్చు, వకీలు ఫీజు, వాల్యూయర్ ఫీజు కూడా ఆయన ఖాతాలోనే పడతాయి. పైగా వేలంలో ఇల్లు ఎంతకు పోతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఈ కాగితం ఆయన భార్యకు కూడా చూపించండి. ఇల్లు ఆమె పేరున ఉంటే సంతకం పెట్టాల్సింది ఆమే.

ఆయన మెత్తబడిన రోజునే చేయించుకోవాల్సిన పని ఒకటుంది. లోను వివరాలు మూడో మనిషికి బ్యాంకు చెప్పదు. కాబట్టి యజమాని, సహ రుణగ్రహీత ఇద్దరి సంతకాలతో బ్రాంచి మేనేజరుకు ఒక ఉత్తరం రాయించండి. అందులో లోను ఖాతా నంబరు, మీ పేరు, ఒప్పుకున్న ధర ఉండాలి. బాకీ వివరాలు మీకు తెలపడానికి, మీరు నేరుగా లోను ఖాతాలో కట్టడానికి, మీకు అమ్మడానికి సమ్మతి కోరుతున్నట్టు రాయాలి. ఒక నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. ఈ ఒక్క ఉత్తరం మీ దగ్గరుంటే ఆయన్ను ప్రతిసారీ బ్యాంకుకు లాక్కుపోయే బాధ తప్పుతుంది.

దాని మీద బ్యాంకు నుంచి మీరు రాబట్టాల్సినవి: ఫలానా తేదీ నాటికి బాకీ ఎంత, ఆ తర్వాత రోజుకు వడ్డీ ఎంత, బ్యాంకు దగ్గరున్న ఒరిజినల్ దస్తావేజులు ఏవేవి. దస్తావేజుల జాబితాను ఈసీతో (ఆస్తి మీది లావాదేవీలు, తాకట్లు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) పోల్చండి. లింకు డాక్యుమెంటు (ఇల్లు అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజు) ఒకటి తక్కువైతే ఇప్పుడే తేలాలి. ఈసీలో కనిపించని తాకట్లు కొన్ని సెర్సాయ్ కేంద్ర రిజిస్ట్రీలో కనిపిస్తాయి. కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా వెతకవచ్చు. యజమాని పేరు మీద సివిల్ దావాలేమైనా నడుస్తున్నాయా అని కోర్టుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో చూడండి. ప్రైవేటు అప్పులవాళ్లు తీర్పుకు ముందే ఇంటిని జప్తు చేయించి ఉంటే, బ్యాంకు బాకీ తీర్చినా ఆ జప్తు అలాగే ఉంటుంది.

డబ్బు ఎలా కట్టాలన్నదాంట్లో మాత్రం రాజీ పడొద్దు. ‘డబ్బు నా చేతికియ్యండి, నేనే కడత’ అంటే ఒప్పుకోకండి. ఆర్టీజీఎస్ నేరుగా లోను ఖాతాకే పోవాలి. అమ్మే ఆస్తి మీది తాకట్టు మొత్తాన్ని ధరలోంచి మినహాయించుకుని హక్కుదారుకు కట్టే వీలు ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లోనే కొన్నవారికి ఉంది. కట్టిన రోజే బాకీ తీరినట్టు లెటరు తీసుకోండి. తాకట్టును రిజిస్టర్ చేసి ఉంటే విడుదల పత్రం కూడా రిజిస్టర్ కావాలి. దానికి బ్యాంకు అధికారి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రావాలి. స్లాటు బుక్ చేసే ముందే ఆ అధికారికి ఏ రోజు వీలవుతుందో కనుక్కోండి, లేదంటే మీరందరూ వచ్చి కూర్చున్నా పని ఆగిపోతుంది. ఒరిజినల్ పత్రాలు చాలా బ్యాంకుల్లో బ్రాంచిలో ఉండవు, వేరే ఊళ్లోని కేంద్రంలో ఉంటాయి. బాకీ తీరిన 30 రోజుల్లో ఇవ్వాలని, ఆలస్యం బ్యాంకు వల్లే అయితే రోజుకు 5,000 చొప్పున రుణగ్రహీతకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నియమం 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. యజమానికి ఇవ్వాల్సిన 13,60,000 లో ఒక లక్షో రెండు లక్షలో పత్రాలు చేతికొచ్చే దాకా ఆపుతామని ఒప్పందంలోనే రాసుకోండి.

ఎంత చెప్పినా కదలకపోతే స్పీడ్ పోస్టులో వకీలు నోటీసు ఇప్పించండి. మిగతా డబ్బు సిద్ధంగా ఉందని అందులో రాయించి, బ్యాంకు ఖాతాలో ఆ మొత్తం నిజంగా ఉండేలా చూసుకోండి. ఒప్పందం అమలు చేయించమని కోర్టుకు వెళ్తే, డబ్బుతో మీరు సిద్ధంగా ఉన్నట్టు రుజువు చూపాలి. దావాకు గడువు మూడేళ్లు. కానీ ఒకటి మనసులో పెట్టుకోండి, ఆ దావా బ్యాంకు వేలాన్ని ఆపదు. సర్ఫేసీ చర్యల్లో సివిల్ కోర్టు జోక్యాన్ని 34వ సెక్షన్ అడ్డుకుంటుంది. ఇల్లు వేలంలో పోయి బాకీ తీరాక డబ్బు మిగిలితే అది యజమానికి వెళ్తుంది. మీ బయానా వసూలుకు ఆ మిగులును జప్తు చేయించేలా దావాలోనే దరఖాస్తు వేయమని వకీలుకు చెప్పండి. బయానా నగదుగా ఇచ్చినట్టయితే రసీదు, సాక్షులు ఉన్నాయా చూసుకోండి. స్థిరాస్తికి 20,000, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడే వీలుంది. ఆ భయంతో కొందరు అసలు ముట్టనే లేదంటారు.

ప్రశ్న (మహబూబ్‌నగర్): ఇంటి ఓనరుకు బ్యాంకు బాకీ 38 లక్షలు. ఇల్లు 33 లక్షలకు మించి పోదు. బ్యాంకు ఓటీఎస్‌కు (కొంత తగ్గించి ఒకేసారి కట్టించుకునే సెటిల్‌మెంటుకు) ఒప్పుకునేటట్టే ఉంది. కానీ ఓనరు, ‘నాకేం రాదు గద, పైన 3 లక్షలు చేతిల పెట్టకుంటె సంతకం పెట్ట’ అంటున్నడు. బ్యాంకుకు తెల్వకుండ ఇస్తే ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే. ఇవ్వకండి. ఈ ఇంటికి వచ్చేది 33 లక్షలే, అంతకుమించి రాదు అన్న నమ్మకం మీదే బ్యాంకు మిగతాది వదులుకుంటోంది. చాటుగా ఇంకో 3 లక్షలు చేతులు మారినట్టు బయటపడితే సెటిల్‌మెంటు రద్దు చేయడానికి, మోసం కేసు పెట్టడానికి బ్యాంకుకు అవకాశం ఇచ్చినట్టే. అప్పటికి ఇల్లు మీ పేరున ఉంటుంది కాబట్టి ఆ తలనొప్పి మీది కూడా.

‘నాకేం రాదు’ అన్న ఆయన మాట నిజం కాదు. ఆ సంగతి ఆయనకు అర్థమయ్యేలా చెప్పగలిగితే మీ పని సగం అయినట్టే. ఇల్లు వేలంలో 27 లక్షలకు పోయిందనుకోండి. 38 లోంచి 27 పోగా 11 లక్షలు బాకీ అలాగే ఉంటుంది. సర్ఫేసీ 13(10) కింద ఆ 11 లక్షల కోసం బ్యాంకు సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. అక్కడ ఆయన ఒక్కడే కాదు, జామీను పడ్డవారు కూడా ప్రతివాదులవుతారు. మన జిల్లాల్లో జామీను పడేది ఎవరో తెలిసిందే: బావమరిదో, తోడల్లుడో, ఉద్యోగం చేస్తున్న తమ్ముడో. ఓటీఎస్‌లో ఆ 5 లక్షల తేడా మాఫీ అయి, జామీనుదారు కూడా బయటపడితే, ఆయనకు వచ్చేది అదే. అందుకే వీలైతే జామీనుదారును కూడా మాటల్లో కూర్చోబెట్టండి. మీరు పదిసార్లు చెప్పేది ఆయన ఒక్కసారి చెబితే పని జరుగుతుంది.

అయితే ఆ మేలు నోటి మాటగా మిగలకూడదు. ఓటీఎస్ మంజూరు లెటర్లో ఎంత కట్టాలి, ఏ తేదీలోగా, కట్టాక మిగతా బాకీ పూర్తిగా మాఫీ, జామీనుదారుల విడుదల, డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్) కేసు ఉంటే ఉపసంహరణ, పత్రాలు ఎవరికి ఇస్తారు అన్నవి స్పష్టంగా రాసి ఉండాలి. ‘తర్వాత చూద్దాం’ అన్న మేనేజరు బదిలీ మీద వెళ్లిపోతే, వచ్చినవారు ఆ కాగితంలో ఉన్నదే చూస్తారు. ఓటీఎస్ రుణగ్రహీతకు హక్కుగా రాదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవ్వడం ఇవ్వకపోవడం బ్యాంకు ఇష్టం. కాబట్టి దరఖాస్తుతో పాటు ఇల్లు 33 కే పోతుందనడానికి ఆధారాలు పెట్టాలి: చుట్టుపక్కల ఈమధ్య రిజిస్టరైన ధరలు, ఇంటి పగుళ్లు, నీళ్లు కారే స్లాబు ఫొటోలు, యజమాని ఆదాయం పడిపోయిందని చూపే జీతం చిట్టీలో వ్యాపార లెక్కలో. బ్యాంకు తన ప్యానెల్ వాల్యూయర్‌ను పంపుతుంది. ఆ రోజు యజమాని తలుపు తీయకపోతే బయటి నుంచే లెక్కగట్టి రాస్తాడు, లోపలి లోపాలు లెక్కలోకి రావు, ధర పెరిగి కూర్చుంటుంది. యజమాని నిర్లక్ష్యం ఎక్కువగా నష్టం చేసేది ఈ వాల్యూయర్ వచ్చే రోజునే.

గడువు విషయం. 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు ఇచ్చిన నియమాల ప్రకారం, చెల్లింపుకు మూడు నెలలు మించి సమయం ఇస్తే దాన్ని మామూలు సెటిల్‌మెంటుగా కాక రుణ పునర్వ్యవస్థీకరణగా చూస్తారు. అందుకని బ్యాంకులు మూడు నెలలు దాటనివ్వవు. మీరు కూడా లోను తీసుకుని కొనేటట్టయితే, మీ లోను మంజూరు ముందే తెచ్చుకుని ఓటీఎస్‌కు పెట్టండి. మధ్యలో ఆగిపోతే కట్టిన ముందస్తు మొత్తం పాత బాకీ కిందికి పోయి, మీకు తిరిగి రాదు. 33 లక్షల మీద రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలో 7.5 శాతం లెక్కన 2,47,500. ఇది ధరకు అదనం, చేతిలో విడిగా ఉంచుకోండి.

ఆయనకు నిజంగా ఇల్లు మారడానికి డబ్బు లేకపోతే, ఆ అవసరాన్ని దాచకుండా దరఖాస్తులోనే రాయించండి. కిరాయి అడ్వాన్సు, సామాన్ల తరలింపు కోసం కొన్నవారు ఇంత ఇస్తున్నారని, బ్యాంకు దీనికి సమ్మతించాలని అడగండి. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే డబ్బుకు బదులు సమయం ఇవ్వండి. రిజిస్ట్రేషన్ తర్వాత రెండు నెలలు కిరాయి లేకుండా ఉండనిస్తామన్న రాతకు చాలామంది సంతకం పెడతారు. పిల్లల బడి ఏప్రిల్‌లో ముగిసే దాకా ఇల్లు మారలేమన్నదే అసలు బాధ అయిన ఇళ్లు తక్కువేం కాదు. ఒకటి మాత్రం ఆయనకు ముందే చెప్పండి: సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని పడుతుంది, అదే బ్యాంకు కనీసం ఏడాది దాకా కొత్త లోను ఇవ్వదు. తర్వాత తెలిసి నన్ను మోసం చేశారనడం కంటే ఇప్పుడే తెలియడం మంచిది.

ప్రశ్న (మిర్యాలగూడ): మా అబ్బాయి డల్లాస్‌లో షార్ట్ సేల్ ఇంటికి ఆఫర్ పెట్టిండు. నాలుగు నెలలైంది. అమ్మేటాయన బ్యాంకుకు కాగితాలు పంపుతలేడట. భార్యతోని విడాకుల గొడవ నడుస్తున్నదట. ఇంకెంత కాలం ఆగాలె? కట్టిన డబ్బులు భద్రమేనా?

జవాబు: షార్ట్ సేల్ అంటే లోను కంటే తక్కువ ధరకు, బ్యాంకు సమ్మతితో అమ్మడం. మహబూబ్‌నగర్ పాఠకుడి ఓటీఎస్ వ్యవహారంలాంటిదే, కానీ అక్కడ కాగితాలన్నీ అమ్మేవారి జీవితం గురించినవి. కష్టం ఎలా వచ్చిందో వివరించే లేఖ, చివరి రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పులు, రెండేళ్ల పన్ను రిటర్నులు, నెలవారీ ఆదాయ ఖర్చుల పట్టిక, ఏజెంటుతో మాట్లాడడానికి బ్యాంకుకు అనుమతి పత్రం. ఒక్కటి తగ్గినా ఫైలు కదలదు. ఇంకో చిక్కు, ఈ స్టేట్‌మెంట్లు పాతబడతాయి. ఏప్రిల్‌లో పంపినవి ఆగస్టుకు పనికిరావు, మళ్లీ కొత్తవి అడుగుతారు. నాలుగు నెలలు ఆగిన ఫైలు చాలావరకు ఇలాగే ఆగుతుంది.

అబ్బాయి తన ఏజెంటు ద్వారా అవతలి ఏజెంటును అడగాల్సింది ‘ఎప్పుడవుతుంది’ అని కాదు. ఫైలు పూర్తయినట్టు బ్యాంకు రాతలో చెప్పిందా, ఏ కాగితం తగ్గింది, ఇంటి విలువ చూడడానికి మనిషిని పంపారా, రెండో లోను ఉందా, వేలం తేదీ పడిందా. ఈ అయిదింటికీ వారం వారం రాతలో జవాబు రావాలి. రెండో లోను ఉంటే ఆ బ్యాంకు సమ్మతి కూడా విడిగా కావాలి. వాళ్లకు దక్కేది చాలా తక్కువ కాబట్టి చివర్లో అడ్డుపడేది తరచు వాళ్లే.

విడాకుల సంగతి చాలా ముఖ్యం. టెక్సాస్‌లో కాపురముంటున్న ఇంటిని అమ్మాలంటే దస్తావేజులో పేరు ఒకరిదే ఉన్నా భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాలి. ఇద్దరూ ఒప్పుకున్నారా, లేక విడాకుల కోర్టు ఆదేశం వచ్చే దాకా ఆగాలా అన్నది ముందే తేలకపోతే బ్యాంకు సమ్మతి వచ్చినా ఇల్లు రాదు.

టెక్సాస్‌లో వేలాలు ప్రతి నెలా మొదటి మంగళవారం జరుగుతాయి. కనీసం 21 రోజుల ముందు నోటీసు ఇస్తారు. పూర్తి దరఖాస్తు వేలానికి 37 రోజుల కంటే ముందే అందితే, దాన్ని పరిశీలించి తేల్చే దాకా వేలం వేయకూడదని అమెరికా ఫెడరల్ నియమం. అమ్మేవారికి ఏజెంటు ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెబితే కాగితాలు కదిలే అవకాశం ఉంది. ఆయన భయం ఇంకోటి కూడా కావచ్చు. మాఫీ అయిన బాకీని బ్యాంకు 1099-సీ ఫారంలో చూపిస్తే అది ఆదాయంగా పన్నుకు రావచ్చు. అప్పులు ఆస్తుల కంటే ఎక్కువగా ఉన్నవారికి మినహాయింపు ఉంది, దానికి అక్కడి పన్ను నిపుణుణ్ని అడగాలి. మిగతా బాకీ అడగబోమని సమ్మతి లెటర్లో రాయించుకోమని కూడా ఆయనకు చెప్పించండి. మీవాడు చాటుగా డబ్బిచ్చే ఆలోచన మాత్రం చేయొద్దు. రహస్య ఒప్పందాలేమీ లేవని ఇరుపక్షాలూ సంతకం పెట్టి ఇవ్వాలి.

డబ్బు సంగతి: టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్‌కు షార్ట్ సేల్ కోసమే ఒక అనుబంధ ఫారం ఉంది. బ్యాంకు సమ్మతికి గడువు తేదీ అందులో రాస్తారు. ఆ తేదీకి సమ్మతి రాకపోతే ఎర్నెస్ట్ మనీ (బయానా) వెనక్కి వస్తుంది. ఆ ఫారం జతపరిచారా, తేదీ ఏం రాశారు అని ఈరోజే చూడమనండి. తేదీ దాటిపోయి ఉంటే పొడిగించే ముందు ఆ అయిదు ప్రశ్నలకు జవాబు అడగమనండి. జవాబు రాకపోతే వేరే ఇల్లు చూసుకోవడమే మంచిది.

ప్రశ్న (వనపర్తి): లోను తీసుకున్నాయన చనిపోయిండు. భార్య అమ్ముతానంటున్నది. ఆయన తల్లి, పెండ్లయిన బిడ్డ ‘మేం సంతకం పెట్టం’ అంటున్నరు. పన్నెండేండ్ల కొడుకు కూడా ఉన్నడు. భార్య సంతకం ఒక్కటి సాలదా?

జవాబు: చాలదు. వీలునామా లేకుండా పోయిన హిందువు స్వార్జితంలో భార్య, తల్లి, కొడుకు, కూతురు సమాన వారసులు. ఈ ఇంట్లో ఒక్కొక్కరిది నాలుగో వంతు. పెళ్లయినంత మాత్రాన కూతురి వాటా పోదు.

అన్నిటికంటే ముందు, లోనుతో పాటు బీమా చేయించారేమో బ్యాంకులో అడగమనండి. ఇంట్లోవాళ్లకు తెలియకుండానే పాలసీ ఉండడం మామూలే. అది వస్తే బాకీ చాలావరకు తీరి, అమ్మే అవసరమే ఉండకపోవచ్చు. మీరు కొనాలనుకుంటున్నారు కదా అని ఈ మాట దాచొద్దు.

పిల్లవాడి నాలుగో వంతు అమ్మడానికి జిల్లా కోర్టు అనుమతి కావాలి. బాకీ తీర్చడానికి, పిల్లవాడి మేలు కోసమే అమ్ముతున్నామని పిటిషన్ వేయాలి. అతని వాటా డబ్బును మేజరయ్యే దాకా బ్యాంకులో డిపాజిట్ చేయమని కోర్టులు మామూలుగా ఆదేశిస్తాయి. అనుమతి లేకుండా కొంటే అతను మేజరయ్యాక మూడేళ్ల లోపు, అంటే 21 ఏళ్లు నిండే దాకా, ఆ అమ్మకాన్ని సవాలు చేయవచ్చు. ఇది నెలలు పట్టే పని. పిటిషన్ నకలు బ్యాంకుకు ఇచ్చి, అప్పటిదాకా వేలానికి వెళ్లొద్దని రాతలో అడగండి.

తల్లి ఎందుకు ఒప్పుకోవడం లేదో ఊహించడం కష్టం కాదు. కొడుకు పోయాడు, ఇల్లు కూడా పోతే తానెక్కడ ఉండాలి? బాకీ పోగా మిగిలేదాంట్లో ఆమె వాటా కోడలి చేతికి కాకుండా ఆమె పేరునే డిపాజిట్ అవుతుందని ఒప్పందంలో రాయండి, చెక్కు నంబరుతో సహా. కూతురికీ అలాగే. ఇంట్లో పంచాయితీ తెగకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి బ్యాంకును, వారసులందరినీ పిలిపించండి. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంది, దాని మీద అప్పీలు ఉండదు.

ప్రశ్న (జడ్చర్ల): రిజిస్ట్రేషన్ అయి రెండు నెలలాయె. పాత ఓనరు ఇల్లు ఖాళీ చేస్తలేడు. కరెంటు కట్ చేయిస్తే పోతడా?

జవాబు: ఆ పని చేయొద్దు. తాళం వేయడం, కరెంటు, నీళ్లు ఆపడం చేస్తే కేసు మీ మీద పడుతుంది. ముందు వకీలు నోటీసు, ఆ తర్వాత స్వాధీనం కోసం, అక్రమంగా ఉన్న కాలానికి నష్టపరిహారం కోసం దావా వేయాలి. మొత్తం డబ్బు ఇచ్చేశారా, ఏమైనా ఆపారా అన్నది మీ ఉత్తరంలో లేదు. ఆపి ఉంటే తాళాలిచ్చిన రోజే అది ఇస్తామని రాతలో చెప్పండి. ఇంకా కొనబోయే వారికి: చివరి చెల్లింపును రిజిస్ట్రేషన్‌కు కాకుండా తాళాలకు ముడిపెట్టండి. తాళాలు తీసుకునే రోజు మీటరు రీడింగు ఫొటో తీసి, కరెంటు బిల్లు, ఇంటి పన్ను, నల్లా బిల్లు బకాయిలు తేల్చుకోండి.

ప్రశ్న (సూర్యాపేట): ఈ ఓనర్ల ఎంబడి తిరిగే బదులు బ్యాంకు వేలంలనే కొంటే పీడ పోదా?

జవాబు: సంతకం కోసం తిరిగే బాధ పోతుంది. సేల్ సర్టిఫికెట్ బ్యాంకు ఇస్తుంది, యజమాని రావక్కర్లేదు. కానీ డబ్బు విషయంలో గడువులు కఠినం. పాట దక్కిన రోజు గానీ, మర్నాడు పనిదినం గానీ, ముందు కట్టిన ధరావతుతో కలిపి 25 శాతం కట్టాలి. మిగతా 75 శాతం 15 రోజుల్లో. రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా పొడిగించవచ్చు. కట్టలేకపోతే కట్టినదంతా జప్తు. ఇంటి లోను మంజూరు కాకుండా వేలానికి వెళ్లకండి.

యజమాని 45 రోజుల్లో డీఆర్‌టీకి వెళ్లే హక్కు ఎలాగూ ఉంది. కాబట్టి 13(2) నోటీసు సరిగ్గా అందిందా, ఆయన అభ్యంతరం పెడితే బ్యాంకు 15 రోజుల్లో జవాబిచ్చిందా, స్వాధీన నోటీసు పేపర్లో వేశారా అని పాటకు ముందే బ్యాంకు అధీకృత అధికారిని అడిగి కాగితాలు చూడండి. నోటీసుల్లో తప్పు ఉంటే వేలం కొట్టుడుపోయి, మీ డబ్బు ఏళ్ల తరబడి ఇరుక్కుంటుంది. ఊరి శివార్లలో జాగ కొనేటప్పుడు రికార్డులో అది వ్యవసాయ భూమిగా ఉందేమో కూడా చూడండి. వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు, యజమాని మొదటి అభ్యంతరం అదే అవుతుంది.

ప్రకటనలో ‘సింబాలిక్ పొసెషన్’ అని ఉంటే ఇల్లు ఇంకా యజమాని చేతిలోనే ఉందని అర్థం. ఖాళీ చేయించడానికి బ్యాంకు 14వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టాలి. పెట్టిందా, ఆదేశం వచ్చిందా, ఖాళీ చేయించే బాధ్యత ఎవరిది అని రాతలో అడగండి. జవాబు రాకపోతే, ఏడాది కిరాయి, కోర్టు ఖర్చు మీ మీదే పడతాయనుకుని అంత మేర పాట తగ్గించి పాడండి.